మూరెడు ఎర్ర దారం

పెద్దమ్మ పోయిందన్న కబురు వచ్చినప్పుడు ఓవెన్‌లో ట్రే ఉంది. వాళ్లబ్బాయి ఫోన్ చేశాడు. "అక్కా, అమ్మ పోయింది. పొద్దున చాయ్ తాగి పండుకున్నది, మల్ల లేవలే" అన్నాడు. ఇంకా ఏడవడం కూడా మొదలుపెట్టని గొంతు. "వస్తున్న తమ్మీ" అని ఫోన్ పెట్టేసి ఓవెన్ వైపు చూశాను. ఇంకా పదకొండు నిమిషాలుంది. వాళ్ల ఇల్లు మా ఇంటికి నాలుగు గడపల అవతలే. చేతిలో ఉన్నది ఉన్నట్టు పడేసి పరుగెత్తాల్సినదాన్ని, స్టూలు లాక్కుని ఓవెన్ ముందు కూర్చున్నాను. గంట మోగింది. ట్రే తీసి గట్టు మీద పెట్టి, కొంగు సర్దుకుని అప్పుడు బయల్దేరాను.

ఆర్డరు పాడవుతుందని ఆగలేదు. ఆ ఇంటి గడప తొక్కడానికి నాకు మొహం చెల్లలేదు, అందుకే ఆగాను. ఎందుకు చెల్లలేదో చెప్పాలనే ఇది రాస్తున్నాను. ఆమె గురించి నాలుగు మంచి మాటలు రాసి ఊరుకుంటే నాకూ సుఖంగానే ఉండేది.

ఆమె మాకు చుట్టం కాదు. వాళ్లాయన, మా నాన్న ఒకే షెడ్డులో మగ్గాలు నడిపారు. మా అమ్మకంటే పెద్దది కాబట్టి నాకు పెద్దమ్మ. తర్వాత గల్లీ మొత్తానికి పెద్దమ్మ అయిపోయింది. సూరత్‌లో, ఈ డిండోలిలో, మా గల్లీలో సగం ఇళ్లు మన తెలుగువాళ్లవే. మగవాళ్లు మగ్గాలకో, రంగుల మిల్లులకో పోతారు. ఆడవాళ్లు ఇంట్లోనే చీరల పని చేస్తారు. సలాబత్‌పురా బజారు నుంచి ఎంబ్రాయిడరీ చీరల మూటలు వస్తాయి. చీర తిరగేసి, వెనక వేలాడే దారాలన్నీ చిన్న కత్తెరతో తీసేసి, మడతపెట్టి తిప్పి పంపాలి. పెద్దమ్మ ముప్పై ఏళ్లు ఆ పనే చేసింది. ఆమె చాప మీద, గుమ్మంలో, తల వెంట్రుకల్లో, అన్నిచోట్లా దారప్పోగులే. ఒక్క సంగతి మాత్రం గర్వంగా చెప్పుకునేది. "ముప్పై ఏండ్లసంది గీ ధాగాలల్లనే బతుకుతున్న. మా ఇంట్ల అన్నంల ఒక్క పోగు ఎల్లిందని ఎవ్వలనన్నా అనుమను."

ఈ మాట గుర్తుంచుకోండి. నేను గుర్తుంచుకోలేదు.

మా ఆయన పనిచేసే మిల్లులో ఒక షిఫ్టు తీసేసినప్పుడు నేను ఈ ఓవెన్ తెచ్చుకున్నాను. ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకున్నది ఒక్కటే వంట. ఓట్స్, గోధుమపిండి, బెల్లం పొడి, వెన్న కలిపి, అందులో సగం ట్రేలో వత్తి, మీద పండ్ల గుజ్జు పరిచి, మిగిలిన సగం పొడిపొడిగా చల్లి కాల్చడం. చల్లారాక పలకల్లా కోసుకోవాలి. ఆల్థాన్ వైపు ఫ్లాట్లలో ఉండే ఆడవాళ్లు మైదా లేని తీపి కోసం వెతుక్కుంటున్నారని ఎవరో చెబితే నమ్మాను. ఓవెన్ వచ్చిన రోజు గల్లీ అంతా వచ్చి చూసి పోయింది. పెద్దమ్మ మాత్రం పోలేదు. చీర కుచ్చిళ్లు దోపుకుని, "చెప్పు బిడ్డా, ఏం చెయ్యాలె" అంది.

ఓట్స్ సంచి ఆమె చేతికిచ్చి నేను వెన్న కరిగించడానికి అటు తిరిగాను. ఇటు తిరిగేసరికి ఆమె ఓట్స్ మొత్తం గిన్నెలో పోసి, రెండు నీళ్లు కడిగి, జల్లెడలో వార్చి పెట్టింది.

"పెద్దమ్మా! ఏం జేసినవ్?"

"ఏం జేసిన? అటుకులు కడుగకుంట ఎట్ల వండుతరే? ఎన్ని చేతులు పడ్డయో ఏమో."

"అవి అటుకులు గావు."

"మరేంది? మొకం జూడు, అటుకుల మొకమే ఉన్నది."

పారేయడానికి ఆమె ఒప్పుకోలేదు. ఆ ముద్దనే ట్రేలో వత్తి, మీద సపోటా గుజ్జు పరిచి కాల్చాం. బయటికి వచ్చింది చెప్పు అట్టకు ఎక్కువ, ఇటుకకు తక్కువ. పెద్దమ్మ ఒక ముక్క విరవబోయింది, విరగలేదు. చాయ్‌లో నానబెట్టుకుని తిని, కాసేపు ఆలోచించి, "రుచైతే ఉన్నది. నోట్ల పండ్లే ఉండాలె" అంది. ఇద్దరం నవ్వి నవ్వి నేల మీద కూలబడ్డాం. ఆ తర్వాత ఓట్స్ కడగలేదు గానీ, సంచి విప్పినప్పుడల్లా నా వైపు ఓరగా చూసి, "కడగాల్నా?" అనేది.

గుజ్జు వండడంలో మాత్రం నేనే ఆమె దగ్గర నేర్చుకోవాల్సి వచ్చింది. నవసారి వైపు నుంచి వచ్చే సపోటాలు పండాక తొక్క తీసి, ఖర్జూరంతో కలిపి సన్నని మంట మీద ఉడికించేది. చివర చిటికెడు శొంఠి. వీడియోలో ఇన్ని నిమిషాలని ఉండేది. ఆమెకు నిమిషాలతో పనిలేదు. ప్లేటు మీద ఒక చుక్క వేసి ప్లేటు నిలబెట్టేది. చుక్క జారితే ఇంకా కాలేదు, నిలబడితే అయింది. ఎండాకాలం మామిడి, వానలు పడగానే నేరేడు, చలికాలం స్ట్రాబెర్రీ, ఏ పండైనా ఆ ప్లేటు పరీక్షకు నిలబడాల్సిందే. పచ్చి గుజ్జు వేసిన ముక్క పెట్టెలోనే నీరు కారుతుందని నాకు నాలుగు ట్రేలు పోయాక గానీ అర్థం కాలేదు. ఆమెకు మొదటి రోజే తెలుసు.

కోయడం ఇంకో పెద్ద తిప్పలు. కత్తి పెడితే పైన పొడి అంతా రాలిపోయేది, అంచులు విరిగేవి. పూర్తిగా చల్లారితే గట్టిపడి పగిలేది, వేడిగా ఉంటే గుజ్జు పక్కకు పాకేది. ఒకరోజు నేను విసుక్కుంటుంటే పెద్దమ్మ ఇంటికి పోయి ఎర్ర దారం ఉండ తెచ్చింది. ఉడికించిన గుడ్డును దారంతో కోయడం మన ఇళ్లల్లో అందరికీ తెలిసిందే. ఆమె దారం రెండు కొసలూ రెండు చూపుడు వేళ్లకు చుట్టుకుని, ట్రే మీద బిగపట్టి, నెమ్మదిగా కిందికి నొక్కింది. గోరువెచ్చటి పలక గీత గీసినట్టు తెగింది. ఒక్క పలుకు రాలలేదు.

"గుడ్డుకు పనికొచ్చింది దీనికి పనికిరాదా?" అంది.

అప్పటినుంచి మా ఇంట్లో ఆ ముక్కలకు కత్తి తగలలేదు. కానీ దారంతో కోయడానికి ఆమె పెట్టిన షరతులు విన్నవాళ్లెవరైనా కత్తే నయమనుకుంటారు. దారం ఎర్రదే కావాలి, తెల్లది పనికిరాదు. "తెల్లది తెగి అండ్ల వడితే కండ్లకు కానరాదు బిడ్డా. ఎర్రదైతే నెత్తురు లెక్క కొడ్తది." ఒక ట్రేకు ఒక దారమే, అది వేడినీళ్లలో ముంచి తీసిందై ఉండాలి. మోచేయి నుంచి నడిమి వేలి కొస దాకా కొలిచి, సరిగ్గా తన మూరెడు కత్తిరించేది. అలాంటివి కొన్ని కత్తిరించి గోడ మేకుకు వేలాడదీసేది. ఒకటి తీసుకుని ట్రే కోశాక, దాన్ని మేకుకున్న ఇంకో దారం పక్కన పట్టి చూసేది. రెండూ సమానంగా ఉంటే సరే. ఏమాత్రం పొట్టిగా ఉన్నా తెగిన ముక్క ట్రేలోనే ఉన్నట్టు. అది దొరికేదాకా ఒక్క ముక్క కూడా గడప దాటకూడదు.

"ఎవ్వల కడుపులకు వోతదో మనకెర్కనా? మనం జూసుకోవాలె" అనేది.

పనికి నేనేం ఇవ్వబోయినా తీసుకునేది కాదు. కోశాక నాలుగు వైపులా తీసేసే అంచులు మాత్రం ఆమెవి. కాస్త మాడి, గుజ్జు అంటీ అంటకుండా ఉండే ఆ అంచులంటే ఆమెకు ప్రాణం. నడిమి ముక్క ఇస్తే, "అది ఆల్థానోళ్లకు వెట్టు" అని పక్కన పెట్టేది. చిన్న స్టీలు డబ్బాలో అంచులు వేసుకుని, కొంగు కప్పి తీసుకెళ్లేది.

మధ్యాహ్నం ట్రే ఓవెన్‌లో ఉన్నంతసేపూ టీవీలో గుజరాతీ సీరియల్ చూసేవాళ్లం. నేను సూరత్‌లోనే పుట్టాను. ఏడో తరగతి దాకా మున్సిపాలిటీ తెలుగు బడి, తర్వాత గుజరాతీ బడి. ఆమెకు గుజరాతీ రాదని నా నమ్మకం. కూరల బండి వాడితో కూడా తన హిందీలోనే మాట్లాడేది. "గా కోడలు ఏమంటున్నదే?" అని అడిగేది, నేను చెప్పేదాన్ని. "అత్త ఏమన్నది మల్ల?" అనేది, అదీ చెప్పేదాన్ని. అప్పుడప్పుడు నాకు నచ్చినట్టు మార్చి కూడా చెప్పేదాన్ని. అన్నీ శ్రద్ధగా వినేది.

రెండేళ్లు అలా గడిచాక ఆల్థాన్‌లో ఒక కాఫీ దుకాణం నడిపే గుజరాతీ ఆవిడ వారానికి రెండు ట్రేలు పంపమంది. అదే నాకు మొదటి స్థిరమైన ఆర్డరు. ఆ వారాల్లో మా ఆయన మిల్లు నెలలో సగం రోజులు మూతపడుతోంది. ఇల్లు ఆ రెండు ట్రేల మీదే నడిచిందంటే అబద్ధం కాదు. ఆమెను ఇక్కడ అందరిలాగే బెన్, అంటే అక్క, అనేదాన్ని. ఒకసారి మా ఇల్లు చూడటానికి వచ్చింది. శుభ్రంగా ఉందని మెచ్చుకుంది. మూలన కూర్చుని చీర దారాలు తీసుకుంటున్న పెద్దమ్మ వైపు కూడా ఒకసారి చూసింది.

హోలీకి రెండు రోజుల ముందు పెద్దమ్మ ఉధనాలో ఎవరిదో పెళ్లికి వెళ్లింది. నేనొక్కదాన్నే రెండు ట్రేలు చేశాను. మేకుకు చూస్తే ఎర్ర దారం ఒక్కటీ లేదు. ఆమె ఇంటికి పోయి ఉండ తెచ్చుకోవడానికి ఎంతసేపు? నాలుగు గడపలు. ఆటోవాడు బయట హారన్ కొడుతున్నాడు. కుట్టు మిషన్ సొరుగులోంచి తెల్ల దారం లాగి రెండు ట్రేలూ దానితోనే కోసేశాను. రెండో ట్రే మూల దగ్గర అది పుటుక్కున తెగింది. ముడివేసి మిగతాది పూర్తిచేశాను. కొలవలేదు. దేనితో కొలుస్తాను?

పండగ అయిన మర్నాడు మధ్యాహ్నం బెన్ ఫోన్లో ఒక ఫోటో పంపింది. ముక్క మధ్యలో, సపోటా గుజ్జులో, వేలెడు తెల్ల దారం. ఎవరో తల్లి పిల్లవాడి నోట్లోంచి లాగిందట. ఫోటో చూసిన క్షణంలోనే నాకు మొత్తం తెలిసింది. ఎవరు కోశారో, ఏ ట్రేనో, ఏ మూలో, అన్నీ. ఫోటో ఇంకా చూస్తుండగానే ఫోన్ మోగింది.

పెద్దమ్మ పెళ్లి నుంచి తిరిగొచ్చి, ఆ పూట తొట్టి దగ్గర నిలబడి ట్రేలు తోముతోంది. బెన్‌తో నేను మాట్లాడిందంతా గుజరాతీలోనే. బెన్ కోపంగా కూడా లేదు. తనే నాకు దారి చూపించింది. "మీ ఇంట్లో ఒక ముసలామె ఉంటుంది కదా, చీరల దారాలు తీస్తుంటుంది. ఆమె బట్టల మీద నుంచి పడిందేమో?" అంది.

కాదని చెప్పడానికి నాకు ఒక్క మాట చాలు. కాదు, అది నా తప్పు, ఇంకోసారి జరగదు. చెబితే ఆర్డరు పోయేదో, ఉండేదో ఇప్పటికీ నాకు తెలియదు. నా నోటినుంచి వచ్చింది మాత్రం ఇది: "అవును బెన్, ఆమెదే అయి ఉంటుంది. ముసలిది, కళ్లు సరిగా కనపడవు. ఎంత చెప్పినా వినదు. రేపటి నుంచి ఆమెను వంటగదిలోకి రానివ్వను."

పెద్దమ్మకు మూడు అడుగుల దూరంలో నిలబడి అన్నాను. గొంతు తగ్గించలేదు కూడా. అర్థం కాదన్న ధీమా. పంపు నీళ్ల చప్పుడు ఒక్కసారి ఆగి మళ్లీ మొదలైందని ఇప్పుడు అనిపిస్తుంది. అది నిజమో, తర్వాత నేను కల్పించుకున్నానో చెప్పలేను.

ట్రేలు తోమడం అయ్యాక ఆమె చేతులు తుడుచుకుని, ఇంటికి పోయి ఎర్ర దారం ఉండ తెచ్చింది. గుమ్మం దగ్గర పీట వేసుకుని కూర్చుని దారాలు కత్తిరించడం మొదలుపెట్టింది. మోచేతి దగ్గర పట్టుకోవడం, వేలి కొస దాకా లాగడం, కత్తిరించడం. ఎప్పుడూ ఐదో ఆరో కత్తిరించేది. ఆ రోజు సీరియల్ అయిపోయింది, దాని తర్వాతది కూడా అయిపోయింది, ఆమె ఇంకా కత్తిరిస్తూనే ఉంది. సీరియల్లో ఏమంటున్నారని ఒక్కసారి కూడా అడగలేదు.

"గిన్నెందుకు పెద్దమ్మా?" అన్నాను.

"ఉంటయ్ తియ్" అంది.

కట్ట మొత్తం మేకుకు వేలాడదీసి, మిగిలిన ఉండ కూడా అక్కడే అరలో పెట్టి వెళ్లింది. మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. కనుక్కుంటే, "మోకాళ్లు వట్టేసినయ్ బిడ్డా, నిలవడి చేసుడు అయితలేదు" అంది. నాకు ప్రాణం కుదుటపడింది. సిగ్గులేకుండా చెబుతున్నాను, నిజంగానే కుదుటపడింది. బెన్‌కు ఇచ్చిన మాట నేను నోరు తెరవకుండానే నెరవేరింది. ఆర్డరు నిలబడింది.

వారం తర్వాత అంచులన్నీ పోగేసి మా స్టీలు డబ్బాలో పెట్టి పంపాను. సాయంత్రానికి తోమిన డబ్బా తిరిగొచ్చింది. ఖాళీ డబ్బా తిప్పి పంపకూడదు కదా, లోపల రెండు సపోటాలు పెట్టింది. అది చూసి, ఆమెకేమీ తెలియదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. కోపం ఉంటే పండ్లు పంపుతుందా అనుకున్నాను. ఆమెను అంతకాలం చూసి కూడా అలా అనుకున్నాను.

ఎండాకాలంలో ఒకసారి కూరల బండి దగ్గర ఎదురుపడింది. చిక్కిపోయింది. మోకాళ్లు ఎట్లున్నాయని అడిగాను.

"ఉన్నయ్ బిడ్డా, ఏడికి వోతయ్?" అంది. బెండకాయల కొసలు ఒక్కొక్కటే విరిచి చూస్తూ, నా వైపు చూడకుండా, "ముక్కలు మంచిగ తెగుతున్నయా?" అని అడిగింది.

"తెగుతున్నయ్ పెద్దమ్మా."

"కొలుస్తున్నవా?"

"కొలుస్తున్న."

"గంతే కావాలె" అంది.

అప్పుడు చెప్పగలిగేదాన్ని. బండివాడు, మేమిద్దరం తప్ప ఎవరూ లేరు. ఇంటికి పోయి చెబుదామనుకున్నాను. తర్వాత మామిడి పండ్ల హడావుడి, తర్వాత వానలు, తర్వాత గణపతి మండపాలు. ప్రతిసారీ ఒక కారణం దొరికేది, దొరక్కపోతే వెతుక్కునేదాన్ని. ఆమె ఎక్కడికి పోతుందిలే, నాలుగు గడపల దూరమే కదా అనుకున్నాను. నిమజ్జనం అయిన నాలుగో రోజు పొద్దున ఆమె చాయ్ తాగి పడుకుంది.

మూడో రోజు పిట్టకు పెట్టేటప్పుడు వాళ్లబ్బాయి నన్ను పిలిచాడు. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ ఆకులో పెట్టి, పిట్ట వచ్చి ముట్టేదాకా చూస్తాం కదా. "అక్కా, అమ్మకు నువ్వు చేసే గా అంచులంటే పానం. జర తెస్తవా?" అన్నాడు. ఆ పొద్దున ఒక ట్రే కాల్చి, అంచులు తీసి, ఆమె డబ్బా లాంటి డబ్బాలోనే పెట్టుకుని వెళ్లాను. మేడ మీద ఆకు వేశారు. అన్నం, మటన్ కూర, గారెలు, చాయ్ గ్లాసు. ఊళ్లో అయితే కల్లు కూడా ఉండేది, గుజరాత్‌లో మద్యనిషేధం, దాని మాట ఎత్తకూడదు. పక్కన నా అంచులు.

చాలాసేపటికి ఒక కాకి దిగింది. మటన్ ముక్క ఎత్తుకుంది. మళ్లీ వచ్చి గారె ఎత్తుకుంది. నా అంచుల దగ్గరకు వచ్చి, మెడ అటూ ఇటూ తిప్పి చూసి, పక్కకు గెంతింది. "కాకికి ఓట్స్ ఎర్కలేదుల్లా!" అన్నారెవరో. అంత దుఃఖంలోనూ అందరూ నవ్వారు. వాళ్లబ్బాయి కూడా నవ్వాడు. నేను మాత్రం పిట్టగోడ వైపు తిరిగి నిలబడ్డాను. పక్షి రూపంలో ఆత్మ వస్తుందని నేను గట్టిగా నమ్మేదాన్ని కాదు. అయినా ఆ రోజు ఆ అంచులు అక్కడే మిగిలిపోవడం చూడలేకపోయాను.

కిందికి దిగేసరికి సలాబత్‌పురా నుంచి ఒక పెద్ద వయసు గుజరాతీ ఆవిడ వచ్చి చాప మీద కూర్చుని ఉంది. పెద్దమ్మకు ముప్పై ఏళ్లు చీరల మూటలు పంపింది వాళ్ల ఇంటినుంచేనట. అక్కడున్నవాళ్లలో గుజరాతీ బాగా వచ్చింది నాకే కావడంతో నాతో మాట కలిపింది. "ఎంత చక్కగా మాట్లాడేదమ్మా మా భాష! కళ్లు మూసుకుని వింటే మా సూరత్ మనిషే అనుకునేవాళ్లం. మా అత్తగారితో గంటలు గంటలు కబుర్లు" అంది.

"ఎవరు?" అన్నాను, మతిలేనిదానిలా.

"ఇంకెవరు? మీ పెద్దమ్మే. మరి ఇంటి దగ్గర మాట్లాడవేమని ఒకసారి అడిగితే, ఇది పనికాడి భాష, ఇంటికాడ దీనితో నాకేం పని అంది."

ఆవిడ ఇంకేదో చెబుతూనే ఉంది. నాకు పంపు నీళ్ల చప్పుడు వినపడుతోంది. ముసలిది, కళ్లు సరిగా కనపడవు, ఎంత చెప్పినా వినదు. ఒక్కొక్క మాటా ఆమె విన్నది. అది తెల్ల దారమన్న సంగతీ ఆమె విన్నదాంట్లోనే ఉండాలి, ఎందుకంటే ఫోన్ ఎత్తగానే నేను అన్న మొదటి మాట, "తెల్ల దారమా బెన్?" అనే. తను ఎన్నడూ తెల్ల దారంతో కోయదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. ముప్పై ఏళ్లు అన్నంలో ఒక్క పోగు రానివ్వని మనిషి, తన మీద పడ్డ ఆ మాటకు ఒక్క ప్రశ్న అడగలేదు. పీట వేసుకుని కూర్చుని, తను ఇక రానని నిశ్చయించుకుని, తను లేకుండా నాకు ఎన్ని ట్రేలకు కావాలో అన్ని దారాలు కత్తిరించింది. నేను మళ్లీ తెల్ల దారం పట్టుకోకుండా.

సీరియల్ సంగతి కూడా అప్పుడే తట్టింది. రెండేళ్లు నేను తప్పుతప్పుగా చెప్పిన కథంతా ఆమె విన్నది, అసలు కథ తెలిసి కూడా. నేను చెప్పడం ఆమెకు ఇష్టమై ఉంటుంది. ఇంతకంటే వేరే కారణం నాకు దొరకలేదు.

మర్నాడు ఆల్థాన్ బెన్‌కు ఫోన్ చేశాను. హోలీ అప్పుడు వచ్చిన దారం ఆ ముసలామెది కాదు, నాదే, ఆ రోజు ఆమె ఇంట్లో కూడా లేదు, మీకు అబద్ధం చెప్పాను అన్నాను. ఆర్డరు పోతే పోనీ అనుకునే చెప్పాను. "ఏ దారం?" అంది బెన్. నేను మళ్లీ మొదటినుంచి చెప్పాను. "ఓ, అదా! ఎప్పటిదో కదా. నేను మరిచేపోయాను. సరే గానీ, ఈ శనివారం నుంచి మూడు ట్రేలు పంపగలవా?" అంది.

నేను ఎవరి ముందు పరువు కాపాడుకోవడానికి పెద్దమ్మను బలిచ్చానో ఆమెకు అది గుర్తు కూడా లేదు. గుర్తున్నవాళ్లం ఇద్దరమే. ఇప్పుడు నేనొక్కదాన్ని. మా గల్లీలో ఎవరికీ ఈ సంగతి తెలియదు. ఇది చదివాక తెలుస్తుంది. వాళ్లబ్బాయికి మాత్రం ముందే చెప్పాను. తల వంచుకుని విన్నాడు. "గందుకేనా" అన్నాడు అంతే. ఏది గందుకేనో అడిగే ధైర్యం నాకు లేదు.

నాకు ఆమె క్షమ అక్కర్లేదు, అది నేను అడగకుండానే ఇచ్చి పోయిందేమోనని నా భయం. అడిగి తీసుకుని ఉంటే ఇంత బరువుండేది కాదు. గుమ్మంలో పీట మీద కూర్చున్న ఆ రెండు గంటల్లో నేను పక్కన కూర్చుని ఒక్క మాట చెప్పి ఉంటే, కత్తెర పక్కన పడేసి, "పో పోరీ, నీ మొకానికి" అని తిట్టేది. ఆ తిట్టు నాకు రావాల్సింది. రాలేదు.

ఇప్పుడూ ట్రేలు చేస్తున్నాను. బతకాలి కదా. సపోటా గుజ్జు చుక్క వేసి ప్లేటు నిలబెట్టి చూస్తాను. ఓట్స్ సంచి విప్పినప్పుడు ఒక్క క్షణం ఆగుతాను, ఎవరూ ఏమీ అడగరు. అంచులు తీసి డబ్బాలో పెడతాను. ఎవరికి పంపాలో తెలియక రెండు రోజులు చూసి మేమే తింటాం.

హోలీ నుంచి ఒక్కో ట్రేకు ఒక్కో దారం వాడుతూ వచ్చాను. కట్ట సన్నబడుతున్న కొద్దీ నాకు గుబులుగా ఉండేది. మొన్న శనివారం మూడో ట్రే కోశాక, దారం కొలవడానికి మేకు దగ్గరకు పోతే అక్కడ ఒక్కటే మిగిలి ఉంది. నా చేతిలోది దాని పక్కన పట్టి చూశాను. రెండూ సమానంగానే ఉన్నాయి. చేతిలోది పారేశాను. అరలోంచి ఉండ తీసి కొత్తది కత్తిరిద్దామని నా మోచేతి దగ్గర పట్టుకుని వేలి కొస దాకా లాగాను. మేకు మీదున్న దానికంటే నాది నాలుగు వేళ్లు ఎక్కువ వచ్చింది. ఆమె చేయి అంత పొట్టిదని నేనెప్పుడూ గమనించలేదు.

ఎక్కువైన నాలుగు వేళ్లు కత్తిరించేశాను. ఇక ఏ దారమైనా మేకు మీదున్న ఆమె దారం కొలతకే కత్తిరించాలి. ట్రే కోశాక దాని పక్కనే పట్టి చూడాలి. కాబట్టి ఆ ఒక్కదానితో ఎన్నడూ ఏదీ కోయను. ఓవెన్ తలుపు తీసినప్పుడల్లా వేడిగాలి తగిలి అది కొద్దిగా కదులుతుంది. మళ్లీ నిటారుగా వేలాడుతుంది, ఎర్రగా, మోచేతి నుంచి వేలి కొస దాకా.